మేయర్లు, ముఖ్యమంత్రులు చేసే దౌత్యానికి విలువెంత?

అడిగిన ప్రశ్న ఇది: "విదేశీ వ్యవహారాలు దేశ ప్రభుత్వం పని కదా. మరి నగరాల మేయర్లు, రాష్ట్రాల అధినేతలు విదేశాలకు వెళ్లి ఒప్పందాలు చేసుకోవడం, అంతర్జాతీయ సదస్సుల్లో మాట్లాడటం ఎందుకు ఇంతగా పెరిగింది? ఆ కాగితాలకు చట్టం దృష్టిలో విలువ ఉందా? ఒకే దేశం నుంచి ఇన్ని గొంతులు వినిపిస్తే దేశం మాట పలచబడదా?"

నగరపాలక సంస్థలు విదేశీ నగరాలతో చేసుకునే ఒప్పందాల ముసాయిదాలు రాయడం, తర్వాత అవి అమలవుతున్నాయో లేదో చూడటం చాలా ఏళ్లుగా నా పని. కాబట్టి సిద్ధాంతం జోలికి ఎక్కువగా వెళ్లకుండా, జరిగిన సంగతుల మీదుగానే జవాబు చెప్తాను.

సంతకం పెట్టే హక్కు చాలావరకు దేశానిదే. సంతకం పెట్టిన పని చేయాల్సింది మాత్రం చాలాసార్లు కింది ప్రభుత్వాలు. కర్బన ఉద్గారాలు తగ్గిస్తామని దేశం మాట ఇస్తుంది. బస్సులు నడిపేది, భవనాలకు అనుమతులిచ్చేది, చెత్త ఎత్తేది నగరం. శరణార్థులను తీసుకుంటామని దేశం ఒప్పుకుంటుంది. వచ్చినవాళ్లకు ఇల్లు చూపించి, పిల్లలను బడిలో చేర్చుకోవాల్సింది స్థానిక సంస్థ. ప్రపంచ జనాభాలో సగానికి పైగా ఇప్పటికే నగరాల్లో ఉన్నారు, 2050 నాటికి మూడింట రెండు వంతులు అవుతారని ఐక్యరాజ్యసమితి అంచనా. దేశాలు ఇచ్చే మాటలు పెరిగేకొద్దీ, వాటిని నిలబెట్టాల్సిన భారం ఎవరి మీద పడుతోందో వాళ్లు "ఆ మాట ఇచ్చే ముందు మమ్మల్నీ అడగండి" అంటున్నారు. ఈ పెరుగుదలకు అసలు కారణం అదే. పెట్టుబడుల వేట, నాయకుల పేరు కోసం ఆరాటం కూడా ఉంటాయి, కాదనను. కానీ అవి లేకపోయినా ఇది పెరిగేదే.

ఇక చట్టం సంగతి. ఇది దేశానికో తీరుగా ఉంటుంది. సంధుల నియమాలు చెప్పే 1969 నాటి వియన్నా ఒడంబడిక దేశాల మధ్య కుదిరే ఒప్పందాలకే వర్తిస్తుంది. అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణ పదో సెక్షన్, రాష్ట్రాలు విదేశాలతో సంధులు చేసుకోకూడదని నేరుగా నిషేధించింది. జర్మనీ అలా కాదు. అక్కడి రాజ్యాంగం 32వ అధికరణ ప్రకారం, తమకు చట్టం చేసే అధికారం ఉన్న విషయాల్లో, ఫెడరల్ ప్రభుత్వం అనుమతితో, రాష్ట్రాలు విదేశాలతో సంధులు చేసుకోవచ్చు. స్విట్జర్లాండ్‌లో రాష్ట్రాల్లాంటి కాంటన్లకూ ఇలాంటి హక్కు ఉంది. అందరికంటే ముందుకు వెళ్లింది బెల్జియం. 1993 సవరణ తర్వాత అక్కడి ప్రాంతాలు, భాషా సముదాయాలు తమ పరిధిలోని విషయాల్లో సొంతంగా అంతర్జాతీయ ఒప్పందాలు చేసుకోగలవు. ఇంట్లో ఏ శాఖ ఎవరిదో, బయటా ఆ శాఖ వాళ్లదే.

దీని బలం ఎంతో 2016లో ప్రపంచమంతా చూసింది. యూరోపియన్ యూనియన్, కెనడా మధ్య సెటా అనే వాణిజ్య ఒప్పందం ఏళ్ల చర్చల తర్వాత సంతకానికి సిద్ధమైంది. బెల్జియం సంతకం పెట్టాలంటే దాని ప్రాంతీయ పార్లమెంట్లు ఒప్పుకోవాలి. సుమారు 36 లక్షల జనాభా ఉన్న వాలోనియా ఒప్పుకోలేదు. యాభై కోట్ల మంది ఉన్న కూటమి, దాని అవతల కెనడా, ఆ ప్రాంత అధినేత పాల్ మాగ్నెట్ జవాబు కోసం ఆగాల్సి వచ్చింది. అక్టోబర్ 27న జరగాల్సిన సంతకాలు 30న జరిగాయి.

అప్పట్లో చాలామంది దీన్ని బ్లాక్‌మెయిల్ అన్నారు. నేను ఒప్పుకోను. వాలోనియా అభ్యంతరాలు చివరి వారంలో పుట్టినవి కావు. అదే ఏడాది ఏప్రిల్‌లోనే అక్కడి పార్లమెంటు తీర్మానం చేసింది. కంపెనీలు ప్రభుత్వాల మీద కేసులు వేసే పెట్టుబడి కోర్టు గురించి వాళ్లు అడిగినది న్యాయమైన ప్రశ్నే. రాజీలో భాగంగా, ఆ కోర్టు యూరోపియన్ చట్టానికి అనుగుణమో కాదో తేల్చమని యూరోపియన్ న్యాయస్థానాన్ని బెల్జియం అడిగింది. అనుగుణమేనని 2019 ఏప్రిల్‌లో న్యాయస్థానం చెప్పింది. వాలోనియా అడగకపోతే ఆ సందేహం అలాగే ఉండిపోయేది. మొదట్లోనే వాళ్ల మాట విని ఉంటే ఆ చివరి రోజుల టెన్షన్ ఎవరికీ ఉండేది కాదు.

బెల్జియం లాంటివి అరుదు. మనం వార్తల్లో చూసే ఒప్పందాల్లో చాలావరకు ఎంవోయూలు, అంటే అవగాహన పత్రాలు. "దీనివల్ల ఇరుపక్షాలకూ చట్టపరమైన బాధ్యతలు ఏర్పడవు" అనే వాక్యం వాటిలో సాధారణంగా ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన ఆ కాగితం పనికిరానిదని అనుకోకూడదు. మాట తప్పితే కోర్టుకు వెళ్లలేం, అంతే. నిలబడుతుందా లేదా అన్నది కాగితం వెనుక ఉన్న మనుషుల మీద, డబ్బు మీద ఆధారపడుతుంది. దీని గురించి చివర్లో చెప్తాను.

ఇదంతా కొత్తగా మొదలైందని కూడా అనుకోవద్దు. స్థానిక సంస్థల అంతర్జాతీయ సంఘం 1913లోనే బెల్జియంలోని గెంట్ నగరంలో పుట్టింది. దాని వారసురాలైన యూసీఎల్‌జీ (యునైటెడ్ సిటీస్ అండ్ లోకల్ గవర్నమెంట్స్) 2004 నుంచి బార్సిలోనా కేంద్రంగా పనిచేస్తోంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, జర్మన్ బాంబులకు కాలిపోయిన ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నగరంలో ఎనిమిది వందల మందికి పైగా మహిళలు తమ పేర్లను ఒక బల్లగుడ్డ మీద కుట్టి, చందాలతో పాటు సోవియట్ నగరం స్టాలిన్‌గ్రాడ్‌కు పంపారు. 1944లో ఆ రెండు నగరాలూ జంట నగరాలయ్యాయి. యుద్ధం ముగిసిన ఐదేళ్లకే, 1950లో జర్మనీలోని లుడ్‌విగ్స్‌బుర్గ్, ఫ్రాన్స్‌లోని మాంబెలియార్ చేతులు కలిపాయి. అప్పటికి రెండు దేశాల ప్రభుత్వాల మధ్య అంత సయోధ్య లేదు. అణ్వాయుధాల రద్దు కోసం హిరోషిమా మేయర్ 1982లో మొదలుపెట్టిన 'మేయర్స్ ఫర్ పీస్'లో ఇప్పుడు ఎనిమిది వేలకు పైగా నగరాలున్నాయి. అణ్వాయుధం పడితే కాలిపోయేది నగరమే కాబట్టి, ఆ విషయం మీద మాట్లాడే హక్కు వాళ్లకు లేదని ఎవరూ గట్టిగా అనలేకపోయారు.

సిద్ధాంతంగా ఈ హక్కును తేటగా చెప్పింది మాత్రం కెనడాలోని ఫ్రెంచి భాషా ప్రావిన్స్ క్యూబెక్. 1965 ఏప్రిల్‌లో ఆ ప్రావిన్స్ విద్యామంత్రి పాల్ జెరాన్-లాజ్వా, మాంట్రియల్‌లోని విదేశీ కాన్సుల్స్ ముందు ప్రసంగిస్తూ ఒక వాదన పెట్టారు. విద్య, సంస్కృతి వంటివి కెనడా రాజ్యాంగం ప్రకారం ప్రావిన్సుల పరిధిలోనివి. వాటి మీద దేశం సంధి చేసినా అమలు చేయాల్సింది ప్రావిన్సే. అమలు మా చేతిలో ఉన్నప్పుడు చర్చలు మాత్రం మరొకరు ఎందుకు చేయాలి? అరవై ఏళ్లు గడిచినా క్యూబెక్ విదేశీ విధానానికి పునాది ఆ ప్రసంగమే. ఇప్పుడు క్యూబెక్‌కు అంతర్జాతీయ సంబంధాల మంత్రిత్వ శాఖ ఉంది, ముప్ఫైకి పైగా విదేశీ కార్యాలయాలున్నాయి. 2006 నుంచి యునెస్కోలోని కెనడా ప్రతినిధి బృందంలో సొంత ప్రతినిధి ఉన్నారు. ఇందులో విడిపోవాలనే రాజకీయం కూడా కలిసి ఉంది, నిజమే. అయినా వాదనలోని తర్కం దానితో సంబంధం లేకుండా నిలబడుతుంది.

పరిధి అన్న ఈ ఒక్క మాట మీదే మిగతా కథంతా నడుస్తుంది. అమెరికాలో జరిగిన రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది మసాచుసెట్స్. బర్మా (ఇప్పటి మయన్మార్) సైనిక పాలనకు నిరసనగా, ఆ దేశంతో వ్యాపారం చేసే కంపెనీల దగ్గర రాష్ట్ర ప్రభుత్వం కొనుగోళ్లు తగ్గించేలా 1996లో చట్టం చేసింది. ఉద్దేశం మంచిదే. కానీ అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ కూడా బర్మా ఆంక్షల మీద చట్టం చేసి, ఎంత కఠినంగా ఉండాలో నిర్ణయించే వెసులుబాటు అధ్యక్షుడికి ఇచ్చింది. రాష్ట్ర చట్టం ఆ వెసులుబాటుకు అడ్డుపడుతోందని 2000లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది.

రెండోది కాలిఫోర్నియా. కంపెనీలు ఎంత కర్బనం వదలొచ్చో పరిమితి పెట్టి, అనుమతులను వేలం వేసి, మిగిలినవాటిని అమ్ముకోనిచ్చే మార్కెట్ ఆ రాష్ట్రానికి ఉంది. క్యూబెక్‌కూ అలాంటిదే ఉంది. 2014 నుంచి ఆ రెంటినీ కలిపేశారు. అంటే కాలిఫోర్నియా జారీ చేసిన అనుమతిని క్యూబెక్ కంపెనీ కొని తన లెక్కలో చూపించుకోవచ్చు. దేశ సరిహద్దు దాటి, దేశ ప్రభుత్వాల ప్రమేయం లేకుండా నడుస్తున్న అసలైన మార్కెట్ అది. రాష్ట్రం విదేశాంగ విధానంలో వేలు పెడుతోందంటూ 2019లో ట్రంప్ ప్రభుత్వం కేసు వేసింది. 2020లో ఫెడరల్ జిల్లా కోర్టు కాలిఫోర్నియా పక్షానే తీర్పు ఇచ్చింది.

రెండూ విదేశాలతో ముడిపడినవే. ఒక రాష్ట్రం మరో దేశపు పాలనను మార్చాలని చూసింది. ఇంకో రాష్ట్రం తన నేల మీది ఫ్యాక్టరీల పొగ తగ్గించుకుంటూ, అదే పని చేస్తున్న పొరుగువాడితో లెక్కలు కలుపుకుంది. నేను ముసాయిదా చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు చూసేది ఇదే: ఇందులో రాసిన పని చేసే అధికారం, ఈ ఒప్పందం లేకపోయినా, ఈ ప్రభుత్వానికి ఉందా? ఉంటే ఆ ఒప్పందానికి కాళ్లు ఉన్నట్టే. లేకపోతే అది ప్రకటన మాత్రమే.

అయితే కాలిఫోర్నియా, క్యూబెక్ మార్కెట్‌లోనే ఇలాంటి ఏర్పాట్ల బలహీనత కూడా కనిపిస్తుంది. కెనడాలోని మరో ప్రావిన్స్ ఆంటారియో 2018 జనవరిలో అందులో చేరింది. జూన్‌లో ఎన్నికలు జరిగి ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం కొద్ది వారాల్లోనే బయటికొచ్చేసింది. అనుమతులు కొని పెట్టుకున్న కంపెనీలు ఇబ్బంది పడ్డాయి, మిగిలిన ఇద్దరు భాగస్వాములూ హడావుడిగా తలుపులు మూసుకోవాల్సి వచ్చింది. దేశాలు కూడా ఒప్పందాల నుంచి తప్పుకుంటాయి. కానీ వాటికి నోటీసు గడువులు, విధివిధానాలు ఉంటాయి. కింది ప్రభుత్వాల మధ్య ఆ పద్ధతులు ఇంకా గట్టిపడలేదు.

వాతావరణం విషయంలో నగరాల గొంతు అందరికీ వినిపించిన రోజు 2017 జూన్ 1. పారిస్ ఒప్పందం నుంచి అమెరికా తప్పుకుంటుందని ప్రకటిస్తూ ట్రంప్, తనను ఎన్నుకున్నది పిట్స్‌బర్గ్ ప్రజలకు ప్రాతినిధ్యం వహించడానికి గానీ పారిస్‌కు కాదన్నారు. ఆ పిట్స్‌బర్గ్ మేయర్ బిల్ పెడుటో వెంటనే, తమ నగరం పారిస్ ఒప్పందాన్నే అనుసరిస్తుందని బదులిచ్చారు. కాలిఫోర్నియా, న్యూయార్క్, వాషింగ్టన్ గవర్నర్లు రాష్ట్రాల కూటమి ప్రకటించారు. కొద్ది రోజులకే కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్ బీజింగ్‌లో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్‌ను కలిశారు. ఒక రాష్ట్ర గవర్నర్‌కు అలాంటి భేటీ దొరకడం మామూలు విషయం కాదు.

అదంతా ఒక్కరోజులో పుట్టిన ఆవేశం కాదు. సియాటిల్ మేయర్ గ్రెగ్ నికెల్స్ 2005లోనే, అమెరికా ఒప్పుకోని క్యోటో వాతావరణ ఒప్పందం లక్ష్యాలను నగరాలుగా పాటిద్దామని తోటి మేయర్లను కూడగట్టారు. అదే ఏడాది లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్ పిలుపుతో మొదలైన మహానగరాల కూటమి ఇప్పటి సీ40. వాతావరణమే కాదు, మహిళలపై వివక్ష నిర్మూలన ఒడంబడికను అమెరికా 1980లో సంతకం చేసి ఈనాటికీ ఆమోదించలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో 1998లో దాన్ని నగర చట్టంగా చేసుకుని, తన శాఖలు మహిళలతో ఎలా వ్యవహరిస్తున్నాయో పరిశీలించమంది. దేశం సంధికి దూరంగా ఉన్నా, అందులోని పనిని తమ వీధుల వరకూ చేయకుండా ఎవరూ ఆపలేదు.

పేపర్లలో పెద్దగా రాని ఒక ఉదాహరణ చెప్తాను. ఈ రంగంలో నాకు అన్నింటికంటే విలువైనదిగా అనిపించేది ఇదే. ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య పిరనీస్ పర్వతాల్లో సెర్దాన్యా అనే పీఠభూమి ఉంది. 1659 సంధితో దాన్ని రెండు ముక్కలు చేశారు. కొండల మధ్య ఒకే లోయ, అటూ ఇటూ మాట్లాడే భాష కాటలాన్. ఫ్రాన్స్ వైపు ఉన్నవాళ్లకు ఒంట్లో బాగోకపోతే పెద్దాసుపత్రి పెర్పిన్యాన్‌లో ఉంది, కొండదారిలో గంటన్నరకు పైగా ప్రయాణం. చలికాలం మంచు పడితే చెప్పక్కర్లేదు. స్పెయిన్ వైపు పుయ్‌సెర్దా ఊరు మాత్రం పక్కనే. రెండు వైపులా జనాభా తక్కువ కాబట్టి ఎవరికి వారు పూర్తిస్థాయి ఆసుపత్రి కట్టుకోలేరు. యూరోపియన్ యూనియన్ 2006లో తెచ్చిన ఒక నిబంధన, సరిహద్దు దాటి ప్రభుత్వ సంస్థలు కలిసి ఒకే చట్టబద్ధ సంస్థగా ఏర్పడటానికి వీలు కల్పించింది. దాని కింద స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతీయ ప్రభుత్వం, ఫ్రాన్స్ ఆరోగ్య వ్యవస్థ కలిసి పుయ్‌సెర్దాలో ఉమ్మడి ఆసుపత్రి నిర్మించాయి. 2014 సెప్టెంబర్‌లో మొదలైంది. నిర్వహణ ఖర్చులో కాటలోనియా వాటా 60 శాతం, ఫ్రాన్స్ వాటా 40 శాతం.

ఆసుపత్రి కట్టడం తేలికైన భాగమే. ఫ్రాన్స్‌లో చదివిన నర్సు డిగ్రీని స్పెయిన్‌లో ఎవరు గుర్తించాలి? ఫ్రెంచి దంపతుల బిడ్డ స్పెయిన్ నేల మీద పుడితే జనన నమోదు ఎక్కడ? ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే, కొన్ని కిలోమీటర్ల అవతల ఉన్న ఇంటికి మృతదేహాన్ని తీసుకెళ్లడానికి అంతర్జాతీయ నిబంధనలు వర్తిస్తాయా? ఇలాంటివి ఒక్కొక్కటిగా పరిష్కరించుకోవాల్సి వచ్చింది, కొన్నింటికి రెండు దేశాల రాజధానులూ కదలాల్సి వచ్చింది. విదేశాంగ శాఖలో కూర్చున్నవాళ్లకు ఈ ప్రశ్నలు తట్టవు, ఎందుకంటే అవి వాళ్ల దగ్గరికి రావు. పురిటి నొప్పులతో వచ్చే మనిషి తలుపు తట్టేది స్థానిక ఆసుపత్రినే.

2017లో కాటలోనియా స్వాతంత్ర్య వివాదం ముదిరి, స్పెయిన్ ప్రభుత్వం ఆ ప్రాంత పాలనను చేతిలోకి తీసుకుంది. బ్రసెల్స్‌లోనిది తప్ప కాటలోనియా విదేశీ కార్యాలయాలను దాదాపు అన్నింటినీ మూసేసింది. సెర్దాన్యా ఆసుపత్రి మాత్రం నడుస్తూనే ఉంది.

ఇక అందరూ తప్పించుకు తిరిగే విషయం: తప్పు జరిగితే బాధ్యత ఎవరిది? అంతర్జాతీయ న్యాయం ప్రకారం ఎప్పుడూ దేశానిదే. రాష్ట్రం చేసినా, మున్సిపాలిటీ చేసినా, అది దేశం చేసిన పనికిందే లెక్క. 1999లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో మరణశిక్ష అమలైన వాల్టర్ లాగ్రాండ్ అనే జర్మన్ పౌరుడి కేసు చూడండి. అరెస్టు చేసినప్పుడు జర్మన్ కాన్సులేట్ సాయం అడిగే హక్కు ఉందని అతనికి చెప్పలేదు. శిక్ష ఆపమని అంతర్జాతీయ న్యాయస్థానం ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వులో, అమెరికా ఇచ్చిన అంతర్జాతీయ హామీలకు అరిజోనా గవర్నర్ కట్టుబడాలని కూడా రాసింది. అదే రోజు శిక్ష అమలైపోయింది. అమెరికా తప్పు చేసిందని 2001లో తీర్పు వచ్చింది. తీర్పు అరిజోనా మీద కాదు, అమెరికా మీద.

మెక్సికోలో ఇంకో రకంగా జరిగింది. గ్వాదల్కాసర్ అనే మున్సిపాలిటీలో ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే కేంద్రానికి ఒక అమెరికన్ కంపెనీకి పై ప్రభుత్వాలు అనుమతిచ్చాయి. మున్సిపాలిటీ నిర్మాణ అనుమతి ఇవ్వలేదు. అక్కడ అంతకుముందే పూడ్చిన వ్యర్థాలతో జనం భయపడి ఉన్నారు, వాళ్ల భయంలో న్యాయం ఉంది. అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య ఉన్న నాఫ్టా వాణిజ్య ఒప్పందం కింద కంపెనీ కేసు వేసింది. మెక్సికో దేశం సుమారు 1.67 కోట్ల డాలర్లు కట్టాలని 2000లో ట్రైబ్యునల్ తీర్పిచ్చింది. నాఫ్టా చర్చల్లో ఆ మున్సిపాలిటీని ఎవరూ కూర్చోబెట్టలేదు. దేశం ఏ హామీ ఇచ్చిందో వాళ్లకు చెప్పినవాళ్లూ లేరు. అమలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్ల నిర్ణయమే దేశం మెడకు చుట్టుకుంది.

కింది ప్రభుత్వాలు బయట మాట్లాడితే దేశం మాట పలచబడుతుందని వాదించేవాళ్లు ఈ కేసును జాగ్రత్తగా చూడాలి. ఇక్కడ దేశానికి నష్టం జరిగింది కింది ప్రభుత్వం మాట్లాడినందువల్ల కాదు, దాన్ని ముందు అడగనందువల్ల.

అంతర్జాతీయ వేదికల్లో వాళ్ల స్థానం చూస్తే నాకు బాధగా ఉంటుంది. వాతావరణ సదస్సుల్లో స్థానిక ప్రభుత్వాలకు 1995 నుంచీ గుర్తింపు ఉంది, కానీ పరిశీలకుల హోదాలో. వ్యాపార సంఘాలు, పరిశోధక సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు ఏ వరుసలో కూర్చుంటాయో వీళ్లూ ఆ వరుసలోనే. ఆ సంస్థలను తక్కువ చేయడం లేదు. కానీ ఓట్లతో గెలిచి, పన్నులు వేసి, కోటి మందికి నీళ్లిచ్చే ప్రభుత్వం కూడా చివర్లో సమయం మిగిలితే రెండు నిమిషాలు మాట్లాడే వర్గంలో ఉండటం సరికాదు. కొంత కదలిక ఉంది. పారిస్ ఒప్పందం పీఠిక అన్ని స్థాయుల ప్రభుత్వాల పాత్రను ప్రస్తావించింది. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల మీద దేశాలే సమీక్షలు సమర్పించే చోట 2018లో న్యూయార్క్ నగరం తన సొంత సమీక్ష ఇచ్చింది, ఆ తర్వాత చాలా నగరాలు అదే బాట పట్టాయి. 2023 దుబాయ్ సదస్సులో డెబ్బైకి పైగా దేశాలు, తమ వాతావరణ ప్రణాళికల తయారీలో కింది ప్రభుత్వాలను కలుపుకుంటామని ఒప్పుకున్నాయి. విదేశాంగ శాఖలూ దీన్ని గుర్తిస్తున్నాయి. భారత్ 2014లో రాష్ట్రాల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. అమెరికా 2022లో నగరాలు, రాష్ట్రాల దౌత్యానికి ప్రత్యేక ప్రతినిధిని నియమించింది.

ప్రమాదాలు లేవా? ఉన్నాయి. పెద్ద దేశం చిన్న నగరంతో ఒప్పందం చేసుకున్నప్పుడు ఆ నగరం దగ్గర విదేశాంగ నిపుణులు ఉండరు. 2016లో బీజింగ్‌తో చెక్ రాజధాని ప్రాగ్ చేసుకున్న సోదర నగర ఒప్పందంలో, తైవాన్ చైనాలో భాగమేనన్న 'ఒకే చైనా' విధానాన్ని గుర్తిస్తున్నట్టు ఒక నిబంధన పెట్టారు. జంతు ప్రదర్శనశాల గురించో, కచేరీల గురించో మాట్లాడుకునే ఒప్పందంలో తైవాన్ హోదా ఎందుకు? తర్వాత వచ్చిన మేయర్ జ్డెన్యెక్ హ్రిబ్ దాన్ని తీసేయమన్నారు, బీజింగ్ ఒప్పుకోలేదు. 2019 అక్టోబర్‌లో ఒప్పందం రద్దయింది. మధ్యలో ప్రాగ్ ఫిల్హార్మోనియా బృందం చైనా పర్యటన కూడా ఆగిపోయింది. 2020 జనవరిలో ప్రాగ్ తైవాన్ రాజధాని తైపేతో ఒప్పందం చేసుకుంటే చైనా నగరం షాంఘై కూడా ప్రాగ్‌తో తెగతెంపులు చేసుకుంది. పాత కౌన్సిల్ ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగి ఆలోచించి ఉంటే సరిపోయేది. చరిత్ర గాయాలు కూడా ఇలాగే బయటపడతాయి. యుద్ధకాలంలో జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా మార్చిన మహిళల స్మారక విగ్రహాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో స్వీకరించినందుకు, 1957 నుంచి ఉన్న సోదర నగర బంధాన్ని ఒసాకా 2018లో తెంచుకుంది. అందులో శాన్‌ఫ్రాన్సిస్కో తప్పేమీ లేదని నా అభిప్రాయం.

అందుకే దేశానికి ఈ ఒప్పందాల గురించి తెలియాలి అనేదాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2018లో చైనా విదేశాల్లో మౌలిక వసతులు నిర్మించే బెల్ట్ అండ్ రోడ్ పథకంలో చేరుతూ ఒప్పందం చేసుకుంది. దేశం చేరని పథకంలో రాష్ట్రం చేరింది. 2020లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. రాష్ట్రాలు, స్థానిక సంస్థలు విదేశీ ప్రభుత్వాలతో చేసుకునే ఏర్పాట్లను కేంద్రానికి తెలియజేయాలి, దేశ విదేశాంగ విధానానికి విరుద్ధమైతే విదేశాంగ మంత్రి రద్దు చేయొచ్చు. 2021 ఏప్రిల్‌లో విక్టోరియా ఒప్పందం అలాగే రద్దయింది. ఆ రద్దు అధికారం మరీ విశాలమని నాకనిపిస్తుంది. కానీ ఆ చట్టంలో నాకు బాగా నచ్చిన భాగం ఒకటుంది: ఒప్పందాల వివరాలను ఎవరైనా చూడగలిగే బహిరంగ రిజిస్టర్.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఆ కాగితాలకు విలువెంత అన్నది. నా చేతుల మీదుగా వెళ్లిన ముసాయిదాల్లో బతికి బట్టకట్టిన వాటికి కొన్ని పోలికలు ఉన్నాయి. విషయం ఇరుకుగా ఉంటుంది. "అభివృద్ధిలో సహకారం" అని ఉండదు, "నీటి పైపుల్లో లీకేజీ గుర్తించే పద్ధతుల మీద ఇంజినీర్ల శిక్షణ" అని ఉంటుంది. బాధ్యత మేయర్ పేరు మీద కాకుండా ఒక హోదా మీద, అంటే ఫలానా శాఖ చీఫ్ ఇంజినీర్ మీద ఉంటుంది. మేయర్ మారినా ఆ కుర్చీ ఉంటుంది. ఖర్చు బడ్జెట్లో ఒక పద్దు కింద కనిపిస్తుంది. కౌన్సిల్ తీర్మానం ఉంటుంది, అందులో ప్రతిపక్ష సభ్యులూ మాట్లాడి ఉంటారు. గడువు ఉంటుంది, పొడిగించాలంటే ఏం సాధించారో రాసి మళ్లీ కౌన్సిల్ ముందుకు రావాలి. బయటికి వెళ్లాలనుకుంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో కూడా రాసి ఉంటుంది. ఆంటారియో అనుభవం తర్వాత ఈ చివరిదాన్ని నేను ఏ ముసాయిదాలోనూ వదలడం లేదు.

కాబట్టి ఈసారి మీ నగరమో రాష్ట్రమో విదేశీ ఒప్పందం చేసుకుందని వార్త చూస్తే, ఫొటో దగ్గర ఆగకుండా ఆ పత్రం ప్రతి అడగండి. అది రహస్యం కావాల్సిన అవసరం లేదు. ఏ పని, ఏ శాఖ, ఏ పద్దు, ఎప్పటిదాకా అన్న నాలుగూ అందులో దొరికితే ఏడాది తర్వాత ఆ శాఖకే వెళ్లి ఏమైందని అడగొచ్చు. దొరకకపోతే మీ కౌన్సిల్ సభ్యుణ్ణి ఇప్పుడే అడగండి, ఒప్పందం ఇంకా కొత్తగా ఉండగానే. సవరించడానికి అదే వీలైన సమయం.